మందలించడానికి వచ్చిన మనిషి

ఆ రోజుల్లో ఉద్యోగం దొరికినవాడి నడకే వేరుగా ఉండేది. తెలుగువాళ్లందరికీ ఒకే రాష్ట్రం ఏర్పడ్డ ఉత్సాహంలో కృష్ణా జిల్లా నుంచి హైదరాబాదు వచ్చి, ఫలక్‌నుమా దగ్గర ఒక చిన్న బడిలో తాత్కాలిక పంతులుగా చేరేనాటికి నాకు ఇరవై రెండేళ్లు. తెలుగంటే నాకే వచ్చునని గట్టి నమ్మకం (వయసు అలాంటిది). చేరిన నెలకే, బడి ఏడాది చివర, హెడ్మాస్టరుగారు పిలిచి, "రెండో క్లాసు పిల్లలు ఎట్ల మాట్లాడుతున్నరో, చెప్పింది ఎంత వింటున్నరో చూసి మార్కులెయ్యి. మాట్లాడరానోళ్లు ఇంకో ఏడు అదే క్లాసుల ఉంటరు" అనగానే నాకు కాలు నిలవలేదు. ఎరుపూ నీలం కలిసిన కొత్త పెన్సిలు కొన్నాను.

మొదట రెండు జడల పిల్ల వచ్చి నిలబడింది. "ఇంటికి చుట్టాలొస్తే ఏం చేస్తారమ్మా?" అని అడిగాను. మంచినీళ్లిస్తామంటుందని నా ఊహ. "మందలిస్తం సార్!" అంది హుషారుగా. ఉలిక్కిపడ్డాను. మా వైపు మందలించడమంటే చీవాట్లు పెట్టడం. "ఎవరు మందలిస్తారు?" అన్నాను. "అందరం సార్. మొన్న మా మామ వచ్చిండు. అమ్మ మందలించింది, బాపు మందలించిండు. నాకు సిగ్గయి మందలియ్యలే. బాపు నన్ను కోపం జేసిండు." చుట్టాన్ని తిట్టలేదని పిల్లను తిట్టే ఇల్లు! "తప్పు కదమ్మా" అన్నాను. "తప్పే సార్. ఈసారొస్తే నేనే ముందుగాల మందలిస్త" అని మాట కూడా ఇచ్చింది. వినడంలో ఒక సున్నా, మాట్లాడడంలో ఒక సున్నా ఆ పిల్ల చూస్తుండగానే ఎర్రగా చుట్టి, మిగతా పిల్లలకూ మార్కులేసి, రిజిస్టరు హెడ్మాస్టరుగారి బల్ల మీద పెట్టేశాను.

మర్నాడు బడి గుమ్మంలో ఆరడుగుల మనిషి. ఆ పిల్ల తండ్రి, రైల్వేలో ఖలాసీ. "క్లాసు పోతదని బిడ్డ ఒకటే ఏడుస్తుంది. జర మిమ్మల్ని మందలిద్దామని వచ్చిన సార్" అన్నాడు. నేను బల్ల వెనక్కి జరిగి, "అయ్యా, నేను తాత్కాలికం" అన్నాను (ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు). "ఫికర్ చెయ్యకుండ్రి. మంచిగున్నరా? కొత్త ఊరు, తిండికి తిప్పలైతుందా? అమ్మ, నాయిన మంచిగున్నరా?" అంటూ అడుగుతూనే ఉన్నాడు. అన్నిటికీ తలూపుతూ దెబ్బ ఎటునుంచి పడుతుందా అని చూస్తున్నాను. చివరికి ఉండబట్టలేక, "ఇంతకీ ఎప్పుడు మందలిస్తారు?" అన్నాను. ఆయన బిత్తరపోయాడు. "ఇప్పటిదాంక జేసిందేంది సార్!"

ఇక్కడ మందలించడమంటే పలకరించడమన్నమాట! పరుగెత్తాను. హెడ్మాస్టరుగారు సంతకాలు పెడుతున్నారు. "ఆగండి సార్! ఆ సున్నాలు తప్పు!" అని అరిచాను. "ఎవలి తప్పు?" అన్నారు. ఉద్యోగం పోతే పోయిందనుకుని, "నాదే సార్" అని అంతా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, రిజిస్టరు నా వైపు తోశారు. పదికి పది, పదికి పది వేశాను. పిల్ల మూడో క్లాసుకెళ్లింది. నాకా రోజు పట్టరాని సంతోషం.

ఆ ఇరవై రెండేళ్ల తెలుగు పండితుణ్ణి తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కాస్త బెంగా వేస్తుంది. ఈ ఊళ్లోనే ఉండిపోయాను. ఇప్పుడు వీధిలో ఎవరి తొందర వాళ్లది, ఆగి పలకరించే తీరిక ఎవరికీ లేదు. నిన్న మాత్రం పాలవాడు సైకిలు ఆపి, "మంచిగున్నరా సార్?" అని మందలించి పోయాడు. సాయంత్రందాకా నేను మంచిగానే ఉన్నాను.