బోరు నీళ్లకు ఉప్పు

బాగేపల్లిలో మా ఇంటికి బోరు నీళ్లే దిక్కు. ఆ నీళ్లతోనే నా భార్య ఏళ్ల తరబడి అంట్లు తోమింది, బట్టలు ఉతికింది. ఉన్నట్టుండి ఆమె చేతులు పగలడం మొదలైంది. మొదట వేళ్ల సందుల్లో దురద, తర్వాత పొట్టు రాలడం, ఆఖరికి నెత్తురు. కొబ్బరినూనె రాసింది, పసుపు రాసింది. చపాతీ పిండి కలపబోయి చేతులు వెనక్కి లాక్కున్న రోజు నేను అంగడికి తాళం వేసి, ఆమెను చిక్కబళ్లాపురం తీసుకుపోయాను.

"సబ్బు ముట్టొద్దమ్మా. బోరు నీళ్లు కూడా మీకు పడేట్టు లేవు. అంట్లు ఇంకెవరినైనా తోమనీండి" అంది డాక్టరమ్మ.

ఇంకెవరంటే ఇంట్లో నేనే. కూతురు పెళ్లయి చింతామణిలో ఉంది. బస్టాండు దగ్గర నాది విత్తనాలు, ఎరువుల అంగడి. పగలంతా నిలబడి, మూటలు దించి, రైతులతో మాట్లాడి మాట్లాడి ఇల్లు చేరితే సింకు నిండా గిన్నెలు. ఎంత సబ్బు రాసినా నురగ వచ్చేది కాదు. కడిగి బోర్లించిన పళ్లెం ఆరేసరికి ఒళ్లంతా తెల్లమచ్చలు. మళ్లీ కడగాలో, అట్లాగే వదిలేయాలో తెలిసేది కాదు.

ఒక ఆదివారం బయట కుళాయి దగ్గర బట్టలు జాడిస్తుంటే ఎదురింటామె గేటు దగ్గర నిలబడింది.

"ఏమప్పా, మీరు ఉతుకుతాండారే! మీ ఇంటామె ఊర్లో లేదా?"

"ఉండాదమ్మా. చేతులు బాగలేవు."

"అయితే పనామెను పెట్టుకోరాదా?"

పెట్టుకున్నాం. ఆమె కొన్నాళ్లు చేసి, తనకూ వేళ్లు మంట పుడుతున్నాయని మానేసింది. అప్పుడు మా అల్లుడు ఫోన్‌లో, నీళ్లలో సున్నం తీసే మిషను, వాటర్ సాఫ్ట్‌నర్ సంగతి చెప్పాడు.

బిగించే మనిషి చిక్కబళ్లాపురం నుంచి వచ్చాడు. మనిషంత ఎత్తున్న నీలం సిలిండరు, పక్కన ఉప్పు పోసే డబ్బా. ఉప్పు అనేసరికి నా భార్య ముఖం చిట్లించింది.

"ఉప్పు నీళ్లని ఏడుస్తాంటే మళ్లా ఉప్పేసేదేందప్పా?"

"ఈ ఉప్పు మీ కుళాయిలోకి రాదమ్మా. లోపల సన్న గుళికలుండాయి. నీళ్లలో సున్నాన్ని అవి పట్టుకుంటాయి. అప్పుడప్పుడు ఉప్పు నీళ్లతో కడిగితే ఆ సున్నమంతా మోరీలోకి పోతాది."

ఆమె తల ఊపింది గానీ నమ్మినట్టు లేదు.

తీరా బిగించాక కుళాయి తిప్పితే నీళ్లు సన్నగా కారాయి. అతను పాత పైపు ముక్క కోసి నా చేతిలో పెట్టాడు. లోపలంతా తెల్లగా గడ్డకట్టి, పెన్సిలు పట్టేంత సందు మిగిలింది.

"గోడ పగలగొట్టి కొత్తది వేయల్ల సార్. వేరే దారి లేదు."

గోడ పగలగొట్టారు. వంటిల్లు, హాలు, దేవుడి గూడు అంతా దుమ్ము. పని ఒక రోజుతో తేలలేదు. పగలు అంగడి, ఇంటికొచ్చి ఇసుక ఊడ్చడం. నా భార్య కుర్చీలో కూర్చుని, ఒళ్లో చేతులు పెట్టుకుని నేను ఊడ్చేది చూసేది.

"నా వల్లే కదా మీకింత పాటు" అంది ఒకసారి.

"నీ వల్ల కాదులే" అన్నాను. ఇంకో రెండు మంచి మాటలు చెప్పాల్సింది. నడుము నొప్పికి నోరు రాలేదు.

కొత్త నీళ్లొచ్చిన రోజు ఆమె స్నానానికి పోయి ఎంతకీ బయటికి రాలేదు. వచ్చాక విసుక్కుంది.

"ఎన్ని నీళ్లు పోసుకున్నా సబ్బు పోలే. ఒళ్లంతా జారుతాండాది."

మిషను బిగించిన మనిషికి ఫోన్ చేస్తే, సబ్బు పోయే ఉంటుందనీ, మెత్తటి నీళ్లకు అట్లాగే అనిపిస్తుందనీ చెప్పాడు. పళ్లేల మీద మచ్చలు మాత్రం నిజంగానే పోయాయి. నురగ చూసి మొదటిరోజు నాకే నవ్వొచ్చింది.

చేతులు మాత్రం మానలేదు. వారాలు గడిచినా పగుళ్లు అట్లాగే ఉంటే మళ్లీ చిక్కబళ్లాపురం పోయాం. నీళ్లు ఒక్కటే కారణం కాదనీ, మందు ఆపొద్దనీ, ఓపిక పట్టమనీ చెప్పింది డాక్టరమ్మ. తిరుగు బస్సులో నా భార్య నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. నాకు మాత్రం కళ్లు మూతపడలేదు. ఆ మిషను పెట్టిస్తే ఆమె చేతులు మాని, నాకు ఈ అంట్ల పని తప్పుతుందని మొదట్లో లోపల్లోపల లెక్క వేసుకున్నాను. అది తప్పేట్టు లేదు.

ఎండలు ముదిరేసరికి పగుళ్లు కొద్ది కొద్దిగా పూడుకున్నాయి. నీళ్ల వల్లో, మందు వల్లో, పని మానినందువల్లో తెలియదు. ఒకరోజు నేను ఇంటికొచ్చేసరికి ఆమె చెయ్యి తడుపుకుని వేడి వేడి సంగటి ముద్దలు కడుతోంది. అన్నాళ్లూ గరిటెతో పళ్లెంలోకి తీసుకుని తిన్నాం.

"మండలేదా?" అడిగాను.

"కొంచెం. తినండి, చల్లారిపోతాది."

తిన్నాం. ఆమె లేచి సింకు దగ్గరికి పోబోతే వద్దన్నాను. ఆమె పోయి నడుం వాల్చింది. నేను చొక్కా చేతులు మడుచుకుని, సంగటి గిన్నె నానబెట్టి, మిగతావి తోమడం మొదలుపెట్టాను.