నాలుగు మూరల బండిదోవ

కోవిల్‌పట్టి అంచున కృష్ణసామికి నాలుగెకరాల నల్లరేగడి ఉండేది. ఎండాకాలం నేల నోళ్ళు తెరిచేది, వాన పడితే మూసుకునేది. పత్తి పండించేవాడు. గట్టు వెంట నాలుగు మూరల బండిదోవ ఉండేది. అటు రైతు రెండు మూరలు, ఇటు రైతు రెండు మూరలు వదలడం అక్కడి వాడుక. అది ఏ కాగితంలోనూ లేదు.

ఎనిమిదేళ్ళ కిందట పొలం ప్లాట్లకు అమ్మినప్పుడు దస్తావేజు రాసేవాడు దోవ గురించి అడిగాడు.

"అది అందరిదీ. నా పత్తిరంలో ఎట్ల రాసేది?" అన్నాడు కృష్ణసామి.

రాయలేదు. అటు రైతూ అమ్మేశాడు. గట్టు ఉన్నచోట గోడ లేచింది, దోవ ప్లాట్లలో కలిసిపోయింది. ఇటువైపు ఆరు వీధులు, అటువైపు ఐదు. అన్నీ ఆ గోడ దగ్గరికి వచ్చి ఆగిపోతాయి.

నాలుగో వీధి చివర ఒక ప్లాటు మాత్రం కృష్ణసామి తనకు ఉంచుకున్నాడు. ఈ తై నెలలో, సంక్రాంతి వెళ్ళాక, అక్కడ ఇంటికి మేస్త్రీ చేత సున్నంతో గీతలు గీయిస్తుంటే పంచవర్ణం వచ్చింది. ఇంటింటికీ పాలు పోసే మనిషి. నెత్తిన క్యాను.

"ఇల్లు కడతావా అన్నా? బాగుండాది. ఈ గోడకు అవతలదా నేను పాలు పోసే ఇండ్లు. ఇక్కడ నిలిచి పిలిస్తే పలుకుతారు. పోవల్లంటే పెద్దరోడ్డు సుట్టల్ల."

"ఎంత సేపు?"

"ముందు పది నిమిసాలు. ఇప్పుడు ముప్పావుగంట. పిల్లోళ్ళు ఇస్కూలుకు పోయినాక ఎవురికి పాలు? మూడిండ్లోళ్ళు పేకెట్టుకు మారిరి. ఇంకో రెండు పోతే ఒక ఎనుమును అమ్మేసేదిదా."

"నేనేం సేసేదమ్మా? ఆ దోవ నాదా?"

"నీది కాదుదా. అందుకేదా అమ్మేస్తివి?"

మేస్త్రీ నవ్వు ఆపుకోలేక తల తిప్పుకున్నాడు. పంచవర్ణం వచ్చిన దారినే పెద్దరోడ్డు వైపు వెళ్ళిపోయింది. కృష్ణసామి గోడ దగ్గరికి నడిచాడు. దానికి అవతల ఎవరింట్లోనో కుక్కర్ కూత వేసింది.

"ఈ గీత చెరిపి లోపలికి జరుపు," అన్నాడు మేస్త్రీతో.

"ఎంత?"

కృష్ణసామి మోచేయి నేలకానించి తానే కొలిచాడు. నాలుగు మూరలు.

భార్య చెల్లమ్మాళ్ సాయంత్రం వచ్చి చూసింది. "వంటిల్లు యాడికి పోయె?"

"పాలు పోసే ఆమెకు ఇచ్చినా."

"పొయ్యి నెత్తిన పెట్టుకోని వండుకో పో!"

ఈసారి ఆయన దస్తావేజు రాయించాడు. ఆ నాలుగు మూరలూ అందరి నడకకని, పురపాలక సంఘం పేర రిజిస్టరు చేయించాడు. తన ప్లాటు హద్దులో ఉన్న గోడ ముక్కను కూలగొట్టించాడు; అవతలి వీధికి దారి తెరుచుకుంది.

మొదట ఆ సందులోంచి వచ్చింది పంచవర్ణం కాదు, హారన్ కొడుతూ ఒక స్కూటర్. "నీ దోవ, నువ్వే విను," అంది చెల్లమ్మాళ్.

పేకెట్టుకు మారిన మూడిళ్ళలో ఒకటి మళ్ళీ పాలు పోయించుకుంటోంది. మిగతా రెండూ తిరిగి రాలేదు. పంచవర్ణం ఎనుము ఇంకా కొట్టంలోనే ఉంది.