ఒక్క బుడగా లేని సీసా

పెళ్లయిన పదో రోజున, ముగ్గురు పనివాళ్లు చేతులెత్తేసిన లారీ ట్యూబులో సూదిమొనంత కన్నాన్ని పట్టినవాడు మన పంక్చర్ల మామయ్య. తిండి మానేసి నీళ్లతొట్టి ముందు కూర్చుని మరీ పట్టాడు. ఆ తర్వాత నలభై ఏళ్లలో ట్రాక్టర్లు, అంబులెన్సులు, పెద్ద ఆఫీసర్ల కార్లు ఎన్నొచ్చినా, కన్నం దొరకలేదని వెనక్కి పంపింది ఒక్కటీ లేదు.

అంతటివాడికి ఊపిరితిత్తిలో గడ్డ తీశారు. పక్కటెముకల మధ్య నుంచి గొట్టం వేసి, దాని కొసను మంచం పక్కన కింద పెట్టిన నీళ్లసీసాలో ముంచారు. దగ్గితే చాలు, సీసాలో బుడగలు.

"బుడగలు ఆగితేనే గొట్టం తీసేది. అప్పుడే ఇంటికి" అన్నారు డాక్టరుగారు.

బుడగ సంగతి మామయ్యకు ఒకరు చెప్పాలా?

"చూశావటే, ఇంకా ప్యాచీ అతుక్కోలేదు" అన్నాడు అత్తయ్యకు సీసా చూపించి. "అయినా గురువారం వస్తానని కొట్టు తలుపు మీద రాసెయ్యి."

"నీ ట్యూబు సంగతి వాళ్లు చూసుకుంటారు గానీ, నువ్వు నోరు మూసుకుని పడుకోవయ్యా" అంది, ఆయన లేని కొట్టును ఒంటిచేత్తో నడుపుతున్న అత్తయ్య.

మామయ్య నిజంగానే నోరు మూసుకున్నాడు. దగ్గొస్తే పళ్లు బిగించి మింగేశాడు. రెండు రోజులు సీసాలో ఒక్క బుడగ లేదు. లోలోపల ఒకటే మురిపెం.

నర్సమ్మ ఆయన వీపు మీద స్టెతస్కోపు పెట్టి కనిపెట్టేసింది.

"దగ్గడం లేదు కదూ మామయ్యా? కఫమంతా లోపలే ఉంది."

"బుడగలు రాకూడదన్నారుగా తల్లీ!"

"నీ కొట్లో గాలి కొట్టకుండానే ట్యూబు నీళ్లలో ముంచి, కన్నం లేదని పంపించేస్తావా?"

మామయ్యకు చురుక్కుమంది. నలభై ఏళ్లలో ఆయన్ని అంత మాట అన్నవాళ్లు లేరు. దిండు గుండెకు హత్తుకుని దగ్గాడు. బుడగలే బుడగలు! అయినా మానలేదు. సీసాను నడుము కిందికే పట్టుకుని వరండాలో నడిచాడు, కూర్చుని దగ్గాడు. మర్నాడు పది బుడగలు, ఆ మర్నాడు మూడు. గురువారం వచ్చింది, వెళ్లింది. శుక్రవారం వార్డంతా ఉలిక్కిపడేలా దగ్గాడు. గొట్టంలో నీళ్లు ఊగాయి గానీ బుడగ లేదు. శనివారమూ లేదు. ఎక్స్‌రే చూసి డాక్టరుగారు గొట్టం తీసెయ్యమన్నారు, సోమవారం ఇంటికి పంపిస్తామన్నారు.

"ఇప్పుడు ఊపిరి బిగబట్టు మామయ్యా" అంది నర్సమ్మ.

అది ఆయనకు వచ్చిన విద్యే. గొట్టం బయటికొచ్చింది, పట్టీ పడింది, ఆయన మాత్రం బుగ్గలు పూరించి అలాగే ఉన్నాడు.

"ఇక వదులు మహానుభావా!"

వార్డంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది మామయ్యే.

సాయంత్రం అత్తయ్య కొట్టు తలుపు మీది 'గురువారం' తుడిచేసి, సుద్దముక్కతో కొత్తగా రాసింది: "కన్నాలు పట్టే ఆయన ఇంటికి వచ్చేది ఫిబ్రవరి పద్దెనిమిది, సోమవారం."