మిరపకోతల రోజుల్లో యూనివర్సిటీ బస్సు

మా పద్మ పోయిన రోజు మామూలుగానే తెల్లారింది. గుంటూరు ఆసుపత్రిలో పొద్దున్నే సగం ఇడ్లీ తిన్నది. డాక్టరు వచ్చి చూసి వెళ్ళాడు. మధ్యాహ్నం ఫోన్ అడిగి తీసుకుని యూనివర్సిటీ వాళ్ళతో మాట్లాడింది. మా ఊరి హైస్కూలు పిల్లల కోసం ఈసారి కూడా బస్సు పంపుతామన్నారట.

"శిరీషని వాళ్ళ నాన్న పంపనంటాడు. నువ్వొకసారి వెళ్ళి అడుగు బావా" అంది.

సరేనన్నాను. సాయంత్రం గుండె ఆగింది. అంతే...

పద్మ మా మేనమామ కూతురు, నా భార్య. వినుకొండ దగ్గర పల్లెలో ఒకే బడిలో, ఒకే తరగతిలో చదివాం. ఆ బడిలోనే సైన్సు టీచరు అయింది. ఏటా ఒక రోజు యూనివర్సిటీ వాళ్ళు బడిపిల్లల కోసం తలుపులు తెరుస్తారు. ల్యాబులు చూపిస్తారు, అడిగినవాటికి జవాబులు చెబుతారు. ఆ బస్సు మా ఊరికి వచ్చేదాకా పద్మ ఊరుకునేది కాదు. ఎందుకో చెప్పాలంటే చిన్నప్పటి సంగతి చెప్పాలి.

మా చిన్నప్పుడు మిరపకోతలు మొదలైతే బడి సగం ఖాళీ... తొమ్మిదో తరగతిలో ఉండగా మొదటిసారి ఆ బస్సు మా ఊరికి వచ్చింది. అందరం తెల్లవారకముందే చేలోకి వెళ్ళి, తలో మిరప సాలు కోసి, పరుగున ఇంటికొచ్చి సబ్బుతో చేతులు రుద్దుకుని బస్సెక్కాం. మిరప ఘాటు సబ్బుకు పోదు. ఆముదం రాసి తుడుచుకోవాలి. ఆ తొందరలో ఎవరికీ గుర్తు రాలేదు.

ల్యాబులో ఒక మేడమ్ మైక్రోస్కోపు కింద ఉల్లిపొర పెట్టారు. వరుసలో పద్మ ముందుంది. గొట్టం రెండు చేతులా పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, కన్ను ఆనించి, నీళ్ళు కారుతున్నా చాలాసేపు చూసింది.

"గోడ కట్టినట్టుంది బావా... అన్నీ ఇటుకలే" అంది.

తర్వాత చూసినవాడు కన్ను నలుపుకుంటూ పక్కకొచ్చాడు. ఆ తర్వాతివాడు కూడా. నా వంతు వచ్చేసరికి గది నిండా ఏడుపులు... చెంబులతో నీళ్ళు... పట్నం బడిపిల్లలు గుమ్మంలో నిలబడి "మిరపకాయ బ్యాచ్ రోయ్" అని నవ్వారు. అటెండరు మమ్మల్ని బయటికి పంపి తలుపు వేశాడు.

దారి పొడుగునా బస్సులో అందరూ పద్మనే తిట్టారు. తను మాత్రం దిగేముందు మాస్టారి దగ్గరికి వెళ్ళి "మళ్ళీ ఎప్పుడు తీసుకెళ్తారు సార్?" అని అడిగింది.

"నీ చేతులకో దండం తల్లీ... దిగు ముందు" అన్నారాయన.

మరుసటేడు మా ఊరికి బస్సు రాలేదు. ఆ పై ఏడూ రాలేదు. మేం చదువుకున్నన్నాళ్ళూ రాలేదు. పద్మ టీచరయ్యాక తనే వెళ్ళి అడిగి మళ్ళీ తెప్పించింది.

ఆ బస్సు రేపే వస్తుంది.

ఈ సాయంత్రం శిరీష వాళ్ళింటికి వెళ్ళాను. పదో తరగతి పిల్ల. వాళ్ళ నాన్న కోటయ్య మంచం వాల్చాడు.

"మేడమ్ గారు అడిగితే నోరెత్తేవాణ్ణి కాదు సార్. కానీ కాయంతా పండిపోయింది. మబ్బు చూశారుగా... కూలోళ్ళు దొరకట్లా. ఒక్క చెయ్యి తగ్గినా కష్టమే."

"ఒక్కరోజే కదా కోటయ్యా. లెక్కల మేడమ్ తోడుంటారు."

"అయినా అక్కడేముంది సార్? అన్నీ ఫోన్లో చూపిస్తన్నారుగా."

గుమ్మంలో ఉన్న శిరీష అందుకుంది. "అయితే నువ్వు కూడా కాయ ఫోన్లోనే అమ్ము నాన్నా. గుంటూరు మిర్చి యార్డుకెందుకు పోవటం?"

వాళ్ళమ్మ అంజమ్మ పక్కున నవ్వింది. కోటయ్య నా వైపు తిరిగాడు.

"చూశారా సార్, మీ మేడమ్ గారు నేర్పింది ఇదీ!"

ఆ మాట అన్నాక కోటయ్య తల దించుకున్నాడు. మళ్ళీ తనే తేలిక చేయబోయాడు.

"పోనీ బదులు మనిషినియ్యండి సార్, పంపిస్తా. మీరొస్తారా ఏంది చేలోకి?"

మా వైపు కోతల్లో అదొక పద్ధతి. ఒక మనిషి రాలేకపోతే ఆ చోటికి ఇంకొకరు వెళ్ళాలి.

"వస్తాను" అన్నాను.



"ఊరుకోండి సార్" అంది అంజమ్మ. "మేడమ్ గారు పోయి నెలన్నా కాలేదు. ఈయన చేత చేలో పని చేయిస్తన్నారని జనం మా మొహాన ఉమ్మెయ్యరూ?"

"జనం సంగతి నాకొదిలెయ్యమ్మా. చేను ఎక్కడో చెప్పు కోటయ్యా."

కోటయ్య లేచి చేనున్న వైపు చెయ్యి చూపించాడు. తర్వాత కూతురి వైపు చూసి "యూనిఫారం ఉతుక్కో పో" అన్నాడు.

ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. నేను కుర్చీలో కూర్చుని బ్యాంకు ఉద్యోగం చేసినవాణ్ణి. చేలోకి దిగి ఎన్నాళ్ళయిందో... నడుము వంగుతుందో లేదో తెలియదు. వాన రాకుండా ఉంటే చాలు.

మా రోజుల్లో పిల్లలున్నా బస్సు మళ్ళీ రాలేదు. ఇప్పుడు బస్సు గుమ్మం దాకా వస్తోంది, ఎక్కాల్సిన పిల్లను చేను వదలడం లేదు. మీ ఊళ్ళల్లో ఎలా ఉండేది? అలాంటి బస్సు మీరు ఎక్కారా... ఎక్కలేక ఆగిపోయారా? వీలైతే రాయండి. నెమ్మదిగా అన్నీ చదువుతాను.

రేపు పొద్దున లెక్కల మేడమ్ పిల్లలను బస్సెక్కిస్తారు. నేను అటు వెళ్ళను. వెలుగు రాకముందే కోటయ్య చేలోకి వెళ్ళి, శిరీష కొయ్యాల్సిన సాలు కోస్తాను.