పాత బంగళాలో మా మేనత్త

నేను గోరంతను కొండంత చేసి చెబుతాను. ముందే ఒప్పుకుంటున్నాను, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

ఆళ్లగడ్డ శివార్లలో నవాబుల నాటి బంగళా ఒకటి ఉండేది. ఏనుగు మీద ఏనుగు ఎక్కి నిలబడినా తల తగలనంత ఎత్తు దాని గుమ్మం. డెబ్బయ్యో దశకం చివర్లో, భర్త పోయిన మా మేనత్త అందులో ఒక గదిలో చేరి, ఊరగాయలు అమ్ముకుని బతుకుదామనుకుంది. ఆ బంగళాలో దయ్యముందని నంద్యాల దాకా పేరు. ఆదివారమొస్తే బస్సుల టాపుల మీద కూడా జనమే. పిల్లలకు కొత్తబట్టలు తొడిగి మరీ భయపడడానికి వచ్చేవాళ్లు, సిగ్గులేని జనం! తెల్లచీరలో అత్త వరండాలోకి రాగానే కేకలు పెట్టి, దిష్టి తీసిన నిమ్మకాయలు ఆమె గడప మీదికి విసిరేవాళ్లు.

"నేను మనిషినేనప్పా! ఊరగాయ రుచి చూడు, రా" అని పిలిచింది అత్త ఒకసారి.

"చూస్తివా, మాట్లాడతాండాది కూడా!" అని పెండ్లానికి సంబరంగా చూపించాడు ఒక నంద్యాల అంగడాయన.

చార్జీలు పెట్టుకుని లేని దయ్యాన్ని చూడవచ్చినవాడికి, ఎదురుగా ఉన్న ఆడమనిషి కనబడలేదు! తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. అత్త మాత్రం ఆ నిమ్మకాయలన్నీ ఏరి, బానలకు బానలు ఊరగాయ పెట్టి, విసిరినవాళ్లకే అమ్మింది.

ఈ అమ్మడమొక్కటే నేను కల్పించింది. నిజానికి ఒక నిమ్మకాయ తగిలి ఆమె కన్ను వాచింది. జాడీలు నిండుగానే మోసుకుని కోయిలకుంట్లలో మా ఇంటికి వచ్చేసింది.