తాడేపల్లిగూడెం వైవాలో నేను కొట్టిపారేసిన జవాబు

2004 మార్చిలో తాడేపల్లిగూడెంలోని ఒక డిగ్రీ కాలేజీకి బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌కి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వెళ్ళాను. ఆ రోజు సరైన జవాబు చెప్పిన అమ్మాయిని ఫెయిల్ చేశాను.

అప్పుడు నేను ఏలూరులో లెక్చరర్‌ని. ప్రాక్టికల్స్‌లో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ మాటే చివరిది. వైవా, అంటే నోటి పరీక్ష అయ్యాక మార్కుల జాబితా మీద సంతకం చేసి, కవరుకి లక్క సీలు వేసి, అదే రోజు యూనివర్సిటీకి పంపాలి.

ఆ అమ్మాయి పేరు సునీత, ఊరు కొల్లేటి లంక. తండ్రి చేపలు పడతాడని ఇంటర్నల్ ఎగ్జామినర్ మూర్తిగారు చెప్పారు. కణంలో తయారయ్యే ప్రోటీన్ ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అనే పొరల గదిలోకి ఎలా వెళుతుందని అడిగాను. నేను ఏళ్ళ తరబడి చెప్పిన జవాబు ఒకటే: రైబోజోమ్ ఆ పొర మీద కూర్చుని, ప్రోటీన్‌ని తయారుచేస్తూనే లోపలికి తోస్తుంది.

"అన్నీ అలా కాదండీ. కొన్ని పూర్తిగా తయారయ్యాక వెళ్తాయండి. ముడుచుకుపోకుండా బయట చాపరోన్లనే తోడు ప్రోటీన్లు పట్టుకుంటాయి. సన్నటి దారిలోంచి కొంచెం లోపలికి రాగానే, వెనక్కి జారకుండా లోపలున్న ఇంకో చాపరోన్ పట్టుకుంటుందండి," అంది.

"ఎవరమ్మా, లోపల మీ నాన్న కూర్చుని వల లాగుతున్నాడా?" అన్నాను. బల్లల దగ్గరున్న పిల్లలంతా నవ్వారు.

"అలాగేనండి. వచ్చినంత తాడు పట్టుకుంటే మళ్ళీ జారదు కదండీ."

ఆ ఎదురుమాట నాకు గుచ్చుకుంది. పాసవ్వడానికి రెండు మార్కులు తక్కువయ్యేలా వేశాను.

మూర్తిగారు నెమ్మదిగా, "ఏవండీ, ఆ అమ్మాయి ఎమ్మెస్సీకి వెళ్ళాలనుకుంటోందండి. ఇది పోతే ఏడాది పోతుంది. ఒక్కసారి పుస్తకం చూద్దామా?" అన్నారు. అక్కర్లేదన్నాను. సీలు వేశాం.

బస్సులో స్థిమితంగా కూర్చోలేకపోయాను. ఆమె చెప్పిన తీరులో బట్టీ పట్టిన వాసన లేదు. గుండుగొలను వచ్చేసరికి లేచి నిలబడ్డాను. సీటు ఖాళీగానే ఉంది. ఏలూరులో దిగి ఇంటికి పోకుండా కాలేజీ లైబ్రరీకి వెళ్ళాను. మా డిపార్ట్‌మెంటు తెప్పించినా నేను తెరవని కొత్త పుస్తకంలో, ఈస్ట్ కణాల గురించి రాసిన చోట ఆమె జవాబు ఉంది. దాదాపు ఆమె మాటల్లోనే.

మర్నాడు మూర్తిగారికి ఫోన్ చేస్తే కవరు వెళ్ళిపోయిందన్నారు. సెలవు పెట్టి యూనివర్సిటీ పరీక్షల విభాగానికి వెళ్ళాను. ఉత్తరంలో 'నా అజ్ఞానం వల్ల' అని రాశాను.

"పొరపాటున అని మార్చండి మాస్టారూ. ఇలా ఎవరూ రాయరండి," అన్నారు సూపరింటెండెంటు. మార్చలేదు. కంట్రోలర్ అనుమతించాక, మార్కు దిద్ది పక్కన సంతకం చేశాను. సునీత పాసయింది.

తరువాతి వారం తాడేపల్లిగూడెం వెళ్ళి, ఆ రోజు నవ్విన పిల్లలందరినీ కూర్చోబెట్టమని మూర్తిగారిని అడిగాను.

"మార్కులు వేశారు కదండీ, మళ్ళీ ఇదెందుకండీ?" అంది సునీత. ముఖంలో నవ్వు లేదు.

"నవ్వించింది వీళ్ళ ముందే కదమ్మా," అన్నాను.

ఈ జవాబు ఆమెదనీ, దాన్ని తప్పన్నది నేననీ వాళ్ళకి చెప్పి, బోర్డు మీద బొమ్మ వేసి వివరించాను. అయిపోయిందనుకుని సుద్దముక్క కింద పెట్టబోతుంటే సునీత లేచింది.

"లోపలి చాపరోన్ పట్టుకుని వదలడానికి శక్తి కావాలండి. ఆ శక్తినిచ్చే ఏటీపీ రాయలేదు మీరు."

రాశాను. రిటైరయ్యే వరకు ఏ వైవాలోనైనా నాకు తెలియని జవాబు వస్తే, దాన్ని కాగితం మీద రాసుకుని, పుస్తకం చూశాకే మార్కు వేశాను.