లిఫ్టు నడిపే ఆయన చిరునామా

ఎవరు లిఫ్టెక్కినా ఆయన తల తిప్పడు. మీటల మీద వేలు ఆనించి, "ఎన్నో అంతస్తు?" అంటాడు. పంతొమ్మిదేళ్లుగా అదే వేలు, అదే మాట. ఎక్కినవాళ్లు అంకె చెబుతారు, దిగిపోతారు. ఆయనను తిరిగి ఏదైనా అడిగినవాళ్లు లేరు.

భార్య పోయాక అద్దె ఇల్లు వదిలేసి, ఆ ఆఫీసు భవనం పైకప్పు మీద, నీళ్ల ట్యాంకు పక్కన ఉన్న సామాన్ల గదిలో చేరాడు. పాత మేనేజరు చూసీచూడనట్టు ఊరుకున్నాడు. కొత్త మేనేజరుకు తెలియదు. ఆ గదిలో చేరి ఆరేళ్లయింది. ట్యాంకు నిండేటప్పుడు గోడకు చెవి ఆనిస్తే పక్కగదిలో ఎవరో గొణుగుతున్నట్టుంటుంది. నిండాక అదీ ఉండదు.

ఆ ఏడాది సిబ్బందికి ఇంగ్లీషు నేర్పడానికి ఒక పంతులమ్మను పెట్టారు. మధ్యాహ్నాలు భోజనాల గదిలో క్లాసు. "ఊరికి ఇన్, వీధికి ఆన్, ఇంటి నంబరుకు ఎట్" అని బోర్డు మీద రాసి, ఎవరెక్కడ ఉంటారో చెప్పమంది.

గదులు ఊడ్చే ఆమె ముందు లేచింది. "పిండిమర వెనకాల సందు మేడమ్. సందు చివర మా మరిది వాళ్లిల్లు, దానికెదురు మాది. ఇన్ని మలుపులకు మీ మూడు ముక్కలు చాలవు."

గది గొల్లుమంది.

"మీరండీ?" పంతులమ్మ ఆయన వైపు తిరిగింది. "మీరెక్కడ ఉంటారు?"

ఏదో ఒక వీధి పేరు చెబితే సరిపోయేది. కానీ ఆమె చాక్‌పీసు పట్టుకుని, ఆయన మొహంలోకి చూస్తూ నిలబడింది.

"ఐ లివ్ ఆన్ ద రూఫ్," అన్నాడు. కూడబలుక్కుని, "ఆఫ్ దిస్ బిల్డింగ్."

"శభాష్! ఒక్క తప్పు లేదు."

వెనక బల్ల దగ్గర టీ తాగుతున్న మేనేజరు కప్పు కింద పెట్టాడు.

క్లాసయ్యాక ఊడ్చే ఆమె తగులుకుంది. "మింగెయ్యలేకపోయారా బాబాయ్? మా సందు పేరు చెప్పుంటే ఎవరొచ్చి చూస్తారు?"

"అడిగిందమ్మా."

"అడిగితే?"

"చెప్పేదాకా ఆగింది కూడా."

మేనేజరు కేకలు వెయ్యలేదు. "రూల్సు ఒప్పుకోవు పెద్దాయనా. వారంలో ఖాళీ చేసెయ్యండి," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన గది ఊడ్చాడు. పరుపు చుట్టి, భుజాన వేసుకుని మెట్లమీదుగా కిందికి దింపాడు. మేనేజరు రాగానే తాళంచెవి చేతిలో పెట్టాడు. గడువు ఇంకా ఆరు రోజులుంది.